తుపాకి ఎవరికండీ?

ఆడదానికి ఏదన్నా కొనుక్కోవాలని బుద్ధి పుడితే చీరో, చెవులకు పెట్టుకునేవో అనుకుంటుంది లోకం. నాకు మాత్రం యాభై ఏళ్లుగా ఒక తుపాకి మీద మనసు. నవ్వకండి!

1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చాక మా తిరువూరులో మగపిల్లలు టోపీలు వంచి పెట్టుకు తిరిగారు. ఆ సరదా ఆడపిల్లలకు ఉండదని ఎవరు చెప్పారో! తర్వాతెప్పుడో జాన్ వేన్ 'రియో బ్రావో' చూశాను. అతని చేతిలోది వించెస్టర్ రైఫిలు, 1892 నమూనా. ట్రిగ్గరు చుట్టూ ఉన్న ఇనుప కమ్మే దానికి మీట. కిందికి తోస్తే కాల్చిన తూటా గుల్ల పైకెగిరి పడుతుంది. మళ్లీ పైకి లాగితే కొత్త తూటా వెళ్లి కూర్చుంటుంది. కుట్టుమిషను నడిచినంత లయగా ఉంటుంది! దాన్ని రూపొందించిన జాన్ బ్రౌనింగ్ ఎంత తెలివైనవాడో.

కానీ 1959 ఆయుధాల చట్టం ప్రకారం దానికి లైసెన్సు కావాలి. సామాన్యులకు విదేశీ తుపాకుల దిగుమతి 1980లలోనే ఆగిపోయింది. పాతవే చేతులు మారాలి. "మామిడికాయల డబ్బుతో మరఫిరంగి కొంటావుటే?" అన్నారు మావారు.

చివరికి గాలితుపాకితో సరిపెట్టుకున్నాను. రంధ్రం 0.177 అంగుళాలు, దెబ్బ 20 జౌళ్లు దాటకపోతే 2016 నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. బెజవాడలో కొట్టతను, "మనవడికా అమ్మగారూ?" అన్నాడు.

"కాదు నాయనా, నాకే."

అతను మావారి వంక చూశాడు. మావారు ఫ్యాను వంక చూశారు. పెళ్లయిన దగ్గర్నుంచీ నా చేత్తో కొన్న ప్రతిదీ ఇంట్లో ఎవరో ఒకరికే. "నాకే" అన్న మాట నా చెవికే కొత్తగా వినిపించింది.

కింద మీట ఉన్నది దొరకలేదు. ఇది గొట్టాన్ని మధ్యకు వంచి స్ప్రింగు బిగించే రకం. "కోతులకా వదినగారూ?" అంది ఎదురింటావిడ. రామ రామ! ఆ సీసపు గుండు తగిలితే కన్ను పోతుంది.

తోటలో ఎవరూ లేకుండా చూసుకుని, మట్టికట్ట ముందు ఖాళీ కాఫీ డబ్బా పెట్టించాను. గొట్టం వంచడానికి రుబ్బురోలు నాటి బలమంతా కావలసివచ్చింది. గురి మాత్రం మనకు తెలిసిన విద్యే. సూదిలో దారం ఎక్కించే చూపు, చుక్కలు కలిపేటప్పుడు ఊపిరి బిగబట్టే అలవాటు. ట్రిగ్గరును గుంజకూడదు, మెల్లిగా నొక్కాలి.

మొదటి రెండూ మట్టిలోకి పోయాయి. మూడోది "టంగ్"మంది. డబ్బా పల్టీ కొట్టింది.

మావారు గబగబా దగ్గరకొచ్చి చెయ్యి చాపారు. "ఏదీ, ఒకసారి ఇటివ్వు."

"ఉండండి. ముందు ఆ డబ్బా నిలబెట్టి రండి" అన్నాను.