గాలి మీద నిలిచే బండి

మా ఇంట్లో బజారు మాట తమిళం, ఆఫీసు మాట ఇంగ్లీషు. చేతిలో స్పానరు ఉంటే మాత్రం నోట్లోంచి వచ్చేది తెలుగే. "పట్టు", "వదులు", "ఇంకొక చుట్టు", "చాల్లే, ఆపు". మన పెద్దలు కోయంబత్తూరు నల్లరేగడి నేలలకు వచ్చి ఎన్ని తరాలైందో ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. పత్తి చేను పోయింది, బావి పూడింది, ఈ నాలుగు మాటలు మాత్రం మిగిలినాయి. ఇంతవరకు ఇక్కడ ఇంటిపేర్లు, పెళ్లి పాటలు, పచ్చళ్లు రాసుకున్నాము. ఈసారి కారు షెడ్డులో జరిగిన పని రాస్తాను. అది కూడా మన వంశం కథలో ఒక ముక్కే.

మన ఊరివాళ్లకు మోటారు పిచ్చి కొత్త కాదు. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచి నుంచి పళనికి ఒక బస్సుతో మొదలుపెట్టినారు. అంతకుముందే, తాను కొన్న మోటారు సైకిలును ఊడదీసి మళ్లీ బిగించి దాని మర్మం తెలుసుకున్నారని మా తాత కథలా చెప్పేవాడు. ఏ బండి చెడినా ముందు ఊడదీసి చూడాలనే బుద్ధి అక్కడినుంచే మనవాళ్లకు అంటుకుందని నాయన అంటాడు.

ఇప్పుడు నాయనకు 79. వెన్నుకు ఆపరేషన్ అయినాక చిన్న కార్లలో ఆయన కూర్చుంటే లేవలేడు. అందుకే ఈ 2003 మోడల్ జర్మన్ కారు వాడుతున్నాము. నాలుగు చక్రాల దగ్గరా స్ప్రింగులకు బదులు గాలి తిత్తులు ఉంటాయి. బటన్ నొక్కితే బండి పైకి లేస్తుంది, ఆయన కాలు సులువుగా కింద పెడతాడు. పోయిన దీపావళి తర్వాత ముందు ఎడమవైపు రాత్రికి రాత్రి కుంగిపోవడం మొదలైంది. పొద్దున చూస్తే చక్రం బాడీలోకి దూరిపోయి ఉండాది. రెండు ముందు స్ట్రట్లకు ఒక వర్క్‌షాపువాళ్లు చెప్పిన ధర, మేము ఆ కారు కొన్న ధరలో సగం. "అమ్మేయ్‌రా, తూకానికి ఇచ్చేయ్" అన్నాడు నాయన. ఆ మాట అన్నాక రెండు వారాలు గుడికి కూడా రాలేదు. మా అసలు దిగులు అదే.

ఈ గాలి తిత్తి సంగతి తెలిస్తే భయం సగం పోతుంది. లోపల షాక్ అబ్జార్బరు, దాని చుట్టూ దారాలు అల్లిన రబ్బరు తొడుగు. ముందువైపు ఉన్న చిన్న కంప్రెసరు గాలి కొడుతుంది, వాల్వు బ్లాకు దాన్ని చక్రానికి ఇంతని పంచుతుంది, చక్రం దగ్గరి సెన్సరు ఎత్తు చెప్తూ ఉంటుంది. చక్రం ఎగిరి పడిన ప్రతిసారీ రబ్బరు తనమీద తాను మడతపడి జారుతుంది. ఏళ్ల తరబడి అదే మడత దగ్గర పని జరిగి సన్నని పగుళ్లు వస్తాయి. పగులు చిన్నదే కానీ కంప్రెసరు విడవకుండా తిరిగి తిరిగి కాలిపోతుంది. అందుకే కుంగిన బండిని వాడుతూ పోతే ఒక ఖర్చు రెండవుతుంది.

ఇది వినగానే నాయన "కపిల తొండమే కదరా" అన్నాడు. తమిళంలో కవలై అంటారు, మా ఇంట్లో కపిల అనేవాళ్లు. ఎడ్లు తోలి బావినీళ్లు తోడే బాన అడుగున తోలు తొండం ఉండేది. ఆ తోలు కూడా మడత దగ్గరే పగిలేదట. తాత దానికి ఆముదం పట్టించి, ఎండలో పెట్టకుండా దాచేవాడట. పగిలిన తొండానికి అతుకు వేస్తే రెండు రోజులు నిలిచేది, మూడో రోజు నీళ్లు సగం బావిలోకే. అందుకని రబ్బరుకు అతుకు ఆలోచన మేము అక్కడే వదిలేసినాము.

ఇంకొక దారి ఉంది. గాలి తిత్తులు తీసేసి ఉక్కు స్ప్రింగులు పెట్టడం. ఖర్చు తక్కువ, మళ్లీ చూసుకోవాల్సిన పని లేదు. ఇది నిన్నమొన్నటి ఉపాయం కాదు. అమెరికాలో 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోహం గాలి సస్పెన్షన్‌తో వచ్చింది. అది మొరాయించి చాలామంది యజమానులు స్ప్రింగులకు మారిపోయినారు. కానీ స్ప్రింగు పెడితే బండి పైకి లేవదు. ఆ లేవడం కోసమే కదా మేము దీన్ని ఉంచుకున్నది. కొత్త తిత్తులే తెప్పించినాము, పని ఇంట్లోనే చేద్దామని మా మేనల్లుడు, నేను పొంగల్ సెలవులు పెట్టుకున్నాము.

ముందు సబ్బునీళ్లతో పగులు ఖాయం చేసుకున్నాము. అడుగు మడతలో బుడగలు అన్నం ఉడికినట్టు లేచినాయి. తర్వాత బండిని సిమెంటు నేల మీద నిలిపి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, తాళంచెవి దూరంగా పెట్టి, కంప్రెసరు రిలే ఊడదీసినాము. ఇది చేయకపోతే బండి తనకు తానే ఎత్తు సరిచేసుకోబోతుంది, జాకీ మీద ఉన్న బండికి అది ప్రాణాంతకం. జాకీతో ఎత్తి రెండువైపులా స్టాండ్లు పెట్టినాము. ఊడదీసిన చక్రాన్ని కూడా బండి కిందికి తోసినాము. షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకున్న నాయన అక్కడినుంచే ఒక మాట పారేసినాడు. "ఎత్తినదాన్ని నమ్మొద్దురా, ఆనించినదాన్ని నమ్ము." బావి దవ్వేవాళ్ల మాట అది.

తర్వాత గాలి. టైరులో ఉండేదానికి మూడింతలకు పైన ఒత్తిడి ఈ తిత్తిలో ఉంటుంది. స్ట్రట్టు పైన గొట్టం నట్టును అర చుట్టు మాత్రమే వదులు చేసి, ముఖం పక్కకు పెట్టి ఆగాలి. బుస్సుమని పోతుంది. ఆ శబ్దం పూర్తిగా ఆగేదాకా చేయి పెట్టకూడదు. గొట్టం ఊడినా తిత్తిలో కొంచెం గాలిని పట్టి ఉంచే వాల్వు ఉండేవి ఉన్నాయి, కాబట్టి పాత స్ట్రట్టును కోయడం, పొడవడం వద్దు. పైన మూడు నట్లు ఉంటాయి, అవి తీయాలి. నడుమ ఉన్నదాన్ని ముట్టకూడదు.

మేనల్లుడు "మామా, ఇప్పుడు కట్ చేయనా?" అన్నాడు కరెంటు వైరు చూపించి. "కట్ వద్దు, గుచ్చింది ఊడబీకు" అన్నాను. వాడికి "ఊడబీకు" అన్న మాట అప్పుడే తెలిసింది. సాయంత్రం లోపల ఆ మాటను పదిసార్లు వాడినాడు.

పై చేయి బాల్ జాయింటు విడదీసి, అడుగు బోల్టు తీసినాక స్ట్రట్టు బయటికి వస్తుంది. ఆ సమయంలో చక్రం కూర్చునే భాగం వేలాడి బ్రేకు గొట్టాన్ని లాగుతుంది, దాన్ని తాడుతో పైకి కట్టేయాలి. ఎత్తు చెప్పే సెన్సరు కడ్డీ సన్నది, దాని మీద బరువు పడనీయకూడదు. కొత్తది పెట్టేటప్పుడు గొట్టం చివర కొత్త ఫిట్టింగు వాడాలి. అడుగు బోల్టును చేత్తో బిగించి వదిలి, బండి మామూలు ఎత్తుకు వచ్చినాకే గట్టిగా బిగించాలి. లేకుంటే లోపలి రబ్బరు బుష్ మెలితిరిగి ఉండిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర వస్తుంది. ఖాళీ తిత్తి మీద బండి బరువు దించకూడదు. తిత్తి అడ్డంగా మడతపడితే కొత్తది కూడా ఆరోజే చెడుతుంది. రిలే పెట్టి, మనుషులంతా దూరం జరిగి, చక్రం ఇంకా వేలాడుతుండగానే ఇంజిను వేసి గాలి నిండనివ్వాలి. ఆ తర్వాతే అంగుళం అంగుళంగా జాకీ దించాలి. తిత్తి నిండేదాకా ఎవరూ మాట్లాడలేదు. సబ్బునీళ్లు చల్లితే ఒక్క బుడగ లేదు.

రెండు వైపులకు రెండు రోజులు పట్టింది. తెల్లారి నాయన షెడ్డులోకి ముందే పోయి, నాలుగు చక్రాల దగ్గరా బెత్తతో కొలిచి చూసుకున్నాడు. "నిలిచింది" అన్నాడంతే. ఆ శుక్రవారం గుడికి వచ్చినాడు.

వెనక తిత్తులు ఇంకా పాతవే. నాలుగైదేళ్లలో అవి కూడా మడత దగ్గర పగులుతాయి. పుల్లరు, తాడు, రెండు స్టాండ్లు షెడ్డు పై అరలో ఎడమవైపు పెట్టినాను. అప్పటికి పని నేనే చేస్తానో, మేనల్లుడు చేస్తాడో. ఎవరు చేసినా మొదట రిలే ఊడబీకండి.