ముందు రెండు చాలనుకున్నాను

మంచులో కారు నడపడం గురించి మన పత్రికలో వ్రాయడమేమిటని కొందరు ఆశ్చర్యపడవచ్చు. మన పల్లెల్లో మంచు అంటే క్రిస్మస్ రోజుల్లో తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకునే పొగమంచే. అయినా ఆ దూరదేశపు మంచులో దేవుడు నాకు నేర్పిన పాఠం మన ఊరి రోడ్ల మీద కూడా పనికి వస్తుందని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

1997లో ఉద్యోగరీత్యా మా కుటుంబం కెనడా దేశంలోని విన్నిపెగ్ నగరానికి వెళ్లింది. జనవరిలో అక్కడి చలి కొన్ని రాత్రులు సున్నాకు దిగువన 30 డిగ్రీల వరకు పోతుంది. రాత్రిళ్లు కారుకు కరెంటు తీగ తగిలించి ఇంజనును వెచ్చగా ఉంచుతారు. లేకపోతే తెల్లవారి అది స్టార్టు కావడం కష్టం. నేను కొన్నది 12 ఏళ్ల పాత కారు. బ్రేకు గట్టిగా వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు దానికి లేదు.

శీతాకాలం రాకముందే మెకానిక్కు దగ్గరకు వెళ్లాను. ఆయన టైర్ల మీద చెయ్యి పెట్టి చూసి, మంచుకు తగిన టైర్లు నాలుగూ మార్చమన్నాడు. వేడి 7 డిగ్రీలకు తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోవడం మొదలవుతుందట. శీతాకాలపు టైరు రబ్బరు అంత చలిలోనూ మెత్తగా ఉంటుంది. దాని గాడులు లోతుగా ఉంటాయి. గాడుల మధ్య రబ్బరు మీద కత్తితో గీసినట్లు సన్నని చీలికలు ఉంటాయి. ఆ చీలికల అంచులే మంచును పట్టుకుంటాయి. "కొత్తవి కొనే స్తోమత లేకపోతే నాలుగూ వాడినవే కొనుక్కో. నాలుగు మాత్రం తప్పదు" అన్నాడాయన.

ఆ నెలలో మా చెల్లెలి పెళ్లికి డబ్బు పంపవలసి ఉన్నది. నేను లెక్క వేసుకున్నాను. మా కారును లాగేవి ముందు చక్రాలే గదా, వాటికి రెండు కొత్తవి వేస్తే చాలదా? నా భార్య, "ఏమండీ, ఆయన నాలుగన్నారు గదా, పిల్లలతో తిరిగే బండి" అన్నది. నేను కొంచెం విసుగుతో, "దేవుడు కాపాడడా? నీకు విశ్వాసం తక్కువ" అన్నాను. పాపం, ఆమె మరి మాట్లాడలేదు.

మొదటి మంచు పడిన రోజున నా కారు చక్కగా కదిలింది. ప్రక్కింటివారి కారు చక్రాలు ఉన్నచోటనే తిరుగుతుంటే, మాది లాక్కొని పోయింది. నేను చేసిన పని సరియైనదేనని గర్వపడ్డాను. బండి బయలుదేరడం వేరు, మలుపు తిరగడం వేరు, ఆగడం వేరు అని అప్పటికి నాకు తెలియదు.

1998 జనవరిలో ఒక ఆదివారం, ఆరాధన అయిన తరువాత పోర్టేజ్ లా ప్రెయిరీ అనే ఊరిలో ఉన్న ఒక కుటుంబంతో కలిసి ప్రార్థన చేయడానికి బయలుదేరాము. విన్నిపెగ్‌కు పడమరగా సుమారు 85 కిలోమీటర్లు. కనుచూపుమేర చదునైన పొలాలు, వాటి మీద తెల్లని మంచు. వెనుక సీటులో మా ఆరేళ్ల అమ్మాయి క్రిస్మస్‌కు నేర్చుకున్న పాటలు పాడుతున్నది. పెద్ద రోడ్డు నుండి ఊరిలోకి దిగే మలుపు దగ్గర వేగం ఎక్కువైనదనిపించి బ్రేకు మీద కాలు వేశాను. ముందు చక్రాలు పట్టుకున్నాయి. వెనుక చక్రాలు పట్టుకోలేదు. కారు వెనుక భాగం ప్రక్కకు జారి, బొంగరంలా తిరిగి, వెనుకకు నడుస్తూ రోడ్డు ప్రక్కన మంచులో దిగబడింది. మేము తిరిగిన చోటనే కొద్ది క్షణాలకు ఒక పెద్ద లారీ వెళ్లిపోయింది.

ఎవరికీ దెబ్బ తగలలేదు. దేవునికి స్తోత్రం. అమ్మాయి ఏడుస్తున్నది. చలికి తట్టుకోలేక ఇంజను ఆపకుండా హీటరు పెట్టి, తలుపులు బిగించుకొని కూర్చున్నాము. కాసేపటికి ఆ దారిన పోతున్న ఒక వృద్ధ రైతు తన బండి ఆపి, దిగి వచ్చాడు. వచ్చీ రావడంతోనే ఇంజను ఆపమని కేక వేశాడు. తరువాత కారు వెనుకకు పోయి చేతులతో, పారతో మంచు తీశాడు. పొగ గొట్టం పూర్తిగా మంచులో కూరుకుపోయి ఉన్నది! అలా కూరుకుపోతే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కారులోనికి వస్తుంది. లోపలివారు ఏమీ తెలియకుండానే మత్తులోకి జారి ప్రాణాలు పోగొట్టుకుంటారు. లారీ నుండి తప్పించిన దేవునికి స్తోత్రం చెప్పుకుంటున్న మేము, దానికంటె దగ్గరగా ఉన్న మరణాన్ని చూడనే లేదు.

ఆయన గొలుసు కట్టి మా కారును బయటికి లాగాడు. వెళ్లేముందు మోకాళ్ల మీద కూర్చుండి ముందు టైరును, తరువాత వెనుక టైరును తడిమి చూశాడు. నన్ను కోప్పడలేదు. "సగం సిద్ధపడ్డావు, అసలు సిద్ధపడకపోతే ఇంత ధైర్యంగా వచ్చేవాడివి కాదు" అన్నాడు. ఆ మాట నా గుండెలో గుచ్చుకున్నది.

ఆ రాత్రి నా భార్యను క్షమాపణ అడిగాను. చేతిలో డబ్బు తక్కువగా ఉండడం పాపం కాదు. నా పిసినారి లెక్కకు, మెకానిక్కు మాట వినని నా అహంకారానికి విశ్వాసమని పేరు పెట్టి ఇల్లాలి నోరు మూయించడం పాపం. దేవాలయ శిఖరం మీద నిలిపి క్రిందికి దూకమన్న శోధకునికి మన ప్రభువు లోబడలేదు. తండ్రి కాపాడుతాడని తెలిసి కూడా తండ్రిని పరీక్షించలేదు. నేనైతే పిల్లను వెనుక కూర్చోబెట్టుకొని మరీ దూకాను.

ఆ వారమే ముందువాటికి సరిపోయే రెండు వాడిన టైర్లు వెదకి వెనుకకు వేయించాను. అప్పటి నుండి నేర్చుకున్నవి కొన్ని చెబుతాను. ఆ దేశాలకు వెళ్లే మన బిడ్డలకు పనికి వస్తాయి. టైరు మీద మూడు శిఖరాల కొండ, దానిలో మంచుపువ్వు గుర్తు ఉన్నదేమో చూడాలి. 1999 నుండి వచ్చిన ఈ గుర్తు మంచు మీద పరీక్షకు నిలిచినదానికే వేస్తారు. ఎమ్, ఎస్ అక్షరాలు మాత్రమే ఉంటే చాలదు. వాడినవి కొనేటప్పుడు గాడి లోతు 4 మిల్లీమీటర్లకు తగ్గితే వదిలివేయాలి. ప్రక్కన ముద్రించిన చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 3523 అంటే 2023లో 35వ వారం. చలి పెరిగితే టైరులో గాలి ఒత్తిడి తగ్గుతుంది. కనుక తరచు చూచుకోవాలి. కారులో పార, దుప్పట్లు, టార్చిలైటు ఉండాలి. క్యుబెక్ రాష్ట్రంలో 2008 నుండి శీతాకాలపు టైర్లను చట్టమే తప్పనిసరి చేసింది. ఇతర చోట్ల చట్టం అడగకపోయినా మంచు అడుగుతుంది.

సెలవులకు మా ఊరు వచ్చినప్పుడల్లా ఈ సంగతి గుర్తుకు వస్తుంది. వర్షానికి తడిసిన రేగడి మట్టి రోడ్డు మీదికి వచ్చి వెన్నలా జారుతుంటుంది. ఒక సహోదరుడు భార్యను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకొని మోటారు సైకిలు మీద ఆరాధనకు వస్తాడు. ముందు టైరు కొత్తది, వెనుకది అరిగి నున్నగా ఉంటుంది. అడిగితే, "దేవుడున్నాడు గదన్నా" అంటాడు. నేను అతని ప్రక్కన కూర్చుండి ఈ కథ చెబుతాను. అవును తమ్ముడూ, దేవుడున్నాడు. మెకానిక్కు నోట, ఇల్లాలి నోట ముందుగానే చెప్పించిన దేవుడు ఆయనే. బుద్ధిగల కన్యకలు పెండ్లికుమారుడు వస్తాడని నమ్మారు గనుకనే సిద్దెలలో నూనె తీసుకొని వెళ్లారు. నమ్మినవాడు సిద్ధపడతాడు.

ప్రభువు మన రాకపోకలన్నిటిలో మనకు తోడైయుండును గాక.