అదురు ఎక్కడ పుట్టింది?

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపున్న ఒక మెకానిక్ షెడ్డుకు నేను వెళ్ళేసరికే కార్లు వరుస కట్టాయి. ఎక్కువగా దర్శనం చేసుకుని కొండ దిగినవే. బ్రేకు తొక్కితే స్టీరింగు అదురుతోందని, ప్యాడ్లు మార్చేయమని ఒక డ్రైవరు తొందరపెడుతున్నాడు. మెకానిక్ పానా అందుకోలేదు, తాళంచెవి అడిగాడు. "ఎప్పుడు అదురుతుందో చూడకుండా విప్పేదెట్లన్నా? నడిపి చూద్దాం రా."

నేనూ వెనక సీట్లో కూర్చున్నాను. వేగంగా వెళ్తున్నా స్టీరింగు నిలకడగానే ఉంది. బ్రేకు మీద కాలు పడగానే అదురు మొదలైంది, తీయగానే పోయింది. బ్రేకు తొక్కకపోయినా అదిరితే టైర్లు, వీల్ బ్యాలెన్సింగ్ చూడాలట. తొక్కినప్పుడే స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాల డిస్కులను, సీటు కింద తెలిస్తే వెనక చక్రాల బ్రేకులను అనుమానించాలి. సడన్ బ్రేకు వేసినప్పుడు పెడల్ కాలిని తన్నినట్టుంటే అది ఏబీఎస్ పని, జబ్బు కాదు.

షెడ్డుకొచ్చి చక్రం విప్పి, డయల్ గేజి ముల్లు డిస్కుకు ఆనించి మెల్లగా తిప్పాడు. డిస్కు మీద అక్కడక్కడా నల్లటి మచ్చలు. "వంకర పోలేదన్నా. ప్యాడు అతుక్కోనుంది. కొండంతా బ్రేకు మీదే దిగినారు కదా?" డ్రైవరు తలూపాడు. అలా దిగి, కింద ఆగాక కూడా పెడల్ నొక్కే ఉంచితే, కాగిపోయిన ప్యాడు పొర డిస్కుకు అంటుకుంటుంది. ఆ తర్వాత చక్రం తిరిగిన ప్రతిసారీ అక్కడ పట్టు మారుతుంది. అదురు పుట్టేది అక్కడే. కాగిన డిస్కు మీద నీళ్ళు పోస్తే మాత్రం నిజంగానే వంకర పోవచ్చు.

పక్క కారుది కీచుమనే శబ్దం. ప్యాడు అరిగిందని చెప్పడానికే దానికో చిన్న ఇనుప రేకు పెడతారు, అది డిస్కును రాసుకుంటోంది. ఆ అరుపును పట్టించుకోకపోతే గరగర మొదలవుతుంది. అప్పటికి ఇనుము ఇనుమును తింటోందన్నమాట, డిస్కూ పోతుంది. విప్పి చూస్తే లోపలి ప్యాడు పూర్తిగా అరిగింది, బయటిది సగం ఉంది. క్యాలిపర్ పిన్ను బిగుసుకుపోయింది. దాన్ని శుభ్రం చేసి గ్రీజు పెట్టకుండా ప్యాడ్లు మాత్రమే మార్చి పంపడం పని చేయడం కాదు, డబ్బు గుంజడమే.

అన్నిటికన్నా ప్రమాదకరమైన జబ్బు చప్పుడే చేయదు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడ్డ ఆయిల్ బ్రేకుల వేడికి మరిగి బుడగలు కడితే పెడల్ ఒక్కసారిగా కిందికి జారిపోతుంది.

1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డే ఇప్పుడు తిరుమల నుంచి దిగే దారి. సుమారు 19 కిలోమీటర్లు, మలుపు మీద మలుపు. ఇక్కడైనా, చిత్తూరు దాటాక మొగిలి ఘాట్‌లోనైనా, దిగేటప్పుడు రెండో గేరులో ఇంజన్ పట్టు మీదే దిగండి. బ్రేకు తొక్కి వదలండి, తొక్కి పెట్టుకోకండి. షెడ్డుకు వెళ్తే ఏం మార్చాలో చెప్పకండి. ఎప్పుడు, ఎక్కడ అదురుతోందో చెప్పండి.