ఒక టికెట్టు, రెండు ప్రయాణాలు

ఈసారి రాసేది కొంచెం గట్టి సరుకు. తర్కశాస్త్రం. పేరు చూసి పక్కకు తోసేయకండి. మేము చదివింది తమిళ మీడియం. ఆ పైన ముప్పయ్యేళ్ళకు మించి రైల్వే బుకింగ్ కౌంటరు. తెలుగు ఇంట్లో నోటితో వచ్చింది, అక్షరాలు మాత్రం రిటైరైన తరువాతే నేర్చుకున్నాం. మాకే అర్థమైందంటే మీకు కాకుండా పోదు.

ఎందుకు రాస్తున్నామో ముందు చెప్తాం. మూడేళ్ళ కిందట మన సంఘానికి ఒక పెద్దాయన రెండు లక్షలు విరాళమిచ్చినారు. డిపాజిట్ వేసినాం. ఆ మహాసభలోనే ఒక తీర్మానం: ప్రతి సంవత్సరం, అర్హులైన ప్రతి విద్యార్థికీ కాలేజీ ఫీజు సంఘం కడుతుంది. రెండు నెలలకు ఇంకో తీర్మానం: మండపం పైకప్పు మరమ్మతు డిపాజిట్ నుంచి చేయవచ్చు. రెండింటికీ కలం పట్టింది మేమే. రెండు సార్లూ చప్పట్లు కొట్టినారు.

పోయిన సంవత్సరం ఒక పిల్ల బీఎస్సీ చివరి సంవత్సరం ఫీజు కోసం వచ్చింది. నాయన లోడ్‌మన్. మన మాట నమ్మి చేరిన పిల్ల. డిపాజిట్‌లో మిగిలింది చూస్తే ఆమె ఫీజులో సగం కూడా లేదు. పిల్ల కాలేజీ మానింది. ఇప్పుడు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోతోంది. ఎవరూ పైసా తినలేదు, రశీదులన్నీ ఉన్నాయి. ఒక్కొక్క తీర్మానం విడిగా చదివితే న్యాయంగానే ఉంది. మరి తప్పెక్కడ? ఈ ప్రశ్న నెలల తరబడి మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

పొంగల్‌కు మా చెల్లెలి కూతురు వచ్చింది. కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేస్తోంది. మినిట్స్ పుస్తకం చూపించినాం. చదివి, "మామా, మీరు ఒక టికెట్టును రెండుసార్లు అమ్మినారు" అంది. మాకు కోపం వచ్చింది. ముప్పయ్యేళ్ళు మేము అమ్మని పని అదొక్కటే.

పాతవాళ్ళకు అట్ట టికెట్టు గుర్తుండే ఉంటుంది. థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఇంగ్లండు స్టేషన్ మాస్టరు 1830లలో కనిపెట్టింది. ఆయన అంతకు ముందు మేజాబల్లలు చేసేవాడు. ముందే అచ్చువేసిన చిన్న అట్ట, దాని మీద వరుస నంబరు. గొప్పతనమంతా ఆ నంబరులోనే ఉంది. డ్యూటీ ఎక్కగానే ప్రతి ఊరి ట్యూబులోనూ మొదటి నంబరు రాసుకోవాలి. దిగేటప్పుడు ముగింపు నంబరు. మధ్యలో పోయినన్ని టికెట్లకు డబ్బు పెట్టెలో ఉండాలి. ఒక టికెట్టు తగ్గితే "ఎక్కడో పడిపోయింది సార్" అంటే చెల్లదు, మన పేరున డెబిట్ పడుతుంది. మీటర్ గేజ్ రోజుల్లో ఒక చిన్న స్టేషన్‌లో మాకు ఒకసారి అలా పడింది, రెండు నెలల జీతంలో కోసినారు. ఒక టికెట్టును రెండు సార్లు అమ్మినా అంతే, ఉద్యోగమే పోతుంది. అంటే మా కౌంటరులో రెండు పనులు నిషేధం: ఉన్నదాన్ని వదిలేయడం, ఉన్నదాన్ని నకలు చేయడం.

పిల్ల చెప్పింది: "మామా, దీనినే లీనియర్ లాజిక్ అంటారు. 1987లో జాఁ ఈవ్ గిరార్ అనే ఫ్రెంచాయన దాదాపు వంద పేజీల వ్యాసంగా రాసినారు."

అక్కడి నుంచి రాత్రి రెండు దాకా కూర్చున్నాం. అత్తకు కోపం, పాలు చల్లారిపోయినాయని.

మొదట గెంట్‌సెన్. జర్మన్ యువకుడు, 1934-35లో తర్కాన్ని పద్దు పుస్తకంలా రాసే పద్ధతి తెచ్చినాడు. నడుమ ఒక గుర్తు. ఎడమవైపు మన చేతిలో ఉన్నవి, కుడివైపు చూపించవలసినవి. ఒక్కొక్క నియమమూ ఈ పద్దును ఎలా మార్చవచ్చో చెప్తుంది. చాలా నియమాలు "మరియు", "లేదా", "అయితే" లాంటి మాటల గురించి. కానీ కొన్ని నియమాలు ఏ మాట గురించీ కావు, పుస్తకం గురించే. ఒకటి, అక్కర లేని పద్దును ఊరికే చేర్చి వాడకుండా వదిలేయవచ్చు. రెండు, ఒకే పద్దును రెండుగా లెక్కపెట్టుకోవచ్చు. చూసినారా? మా కౌంటరులో నిషేధించిన రెండూ అక్కడ చట్టం! (గెంట్‌సెన్ 1945 ఆగస్టులో ప్రాగ్ జైలులో ఆకలితో చనిపోయినాడు, ముప్పై ఐదేళ్ళు. ఆ వాక్యం విన్నాక కాసేపు ఇద్దరమూ మాట్లాడలేదు.)

నకలు వల్ల ఏమవుతుందో ఒక ఉదాహరణ. "క నిజం, లేదా క నిజం కాదు." దీన్ని రుజువు చేయాలి. మామూలు తర్కంలో కుడివైపు ఎన్ని పద్దులైనా ఉండవచ్చు. ముందు ఈ మొత్తం వాక్యాన్ని రెండు నకళ్ళు తీస్తారు. ఒక నకలు నుంచి "క కాదు" అనే భాగం తీసుకుంటారు. "కాదు" అని చూపడమంటే క ను ఎడమవైపుకు మార్చి రాయడమే. రెండో నకలు నుంచి క తీసుకుంటారు. ఇప్పుడు ఎడమవైపు క, కుడివైపు క. పద్దు సరిపోయింది, రుజువైంది. క ఏమిటో ఎవరైనా చూసినారా? లేదు. ఏది నిజమో చెప్పినారా? అదీ లేదు. రెండు నకళ్ళతో గారడీ.

దీన్ని ఒప్పుకోనివాడు డచ్ గణితవేత్త బ్రౌవర్. అంతులేని వస్తువుల విషయంలో ఈ సూత్రాన్ని నమ్మరాదని 1908లోనే రాసినాడు. "ఉంది" అంటే తెచ్చి చూపు, "ఇది లేదా అది" అంటే ఏదో చెప్పు. అది ఆయన పట్టు. ఆయన శిష్యుడు హైటింగ్ 1930లో దానికి నియమాలు రాసిపెట్టినాడు. ఇంట్యూషనిస్టిక్ లాజిక్ అని పేరు. మంచి తెలుగు మాట మాకు దొరకలేదు. మేము "చూపుడు తర్కం" అని పెట్టుకున్నాం, చూపించాలి కాబట్టి.

ఇక్కడ గెంట్‌సెన్ చేసిన పని మాకు బాగా నచ్చింది. ఈ చూపుడు తర్కాన్ని తన పుస్తకంలో రాయడానికి కొత్త నియమమేదీ చేర్చలేదు. కుడివైపు ఒక్క పద్దుకు మించి ఉండకూడదన్నాడు, అంతే. ఒక్క చోటే ఉంటే నకలు ఎక్కడ కూర్చుంటుంది? గారడీ ఆగిపోయింది. ఏ ఊహా లేకుండా "ఇది లేదా అది" అని రుజువు చేయాలంటే, మధ్య మెట్లన్నీ తీసేశాక, చివరి అడుగులో ఏదో ఒకటి ఎంచి తీరాలి. బ్రౌవర్ కోరిక ఒక గీతతో తీరింది.

కానీ ఎడమవైపు? అక్కడ మునుపటిలాగే ఎన్ని నకళ్ళైనా తీయవచ్చు, ఎన్నైనా వదిలేయవచ్చు. ఒక కౌంటరులో కట్టుదిట్టం, పక్క కౌంటరులో తలుపులు తెరిచినట్టు. గిరార్ ఆ రెండో తలుపు కూడా మూసినాడు. మూయగానే, అంతదాకా ఒక్కటిగా కనిపించిన మాటలు రెండుగా విడిపోయినాయి.

"మరియు" తీసుకోండి. చేతిలో పది రూపాయలున్నాయి. పది రూపాయలతో సాత్తూరు టికెట్టు వస్తుందనుకోండి, అదే పదితో విరుదునగర్ టికెట్టు కూడా వస్తుంది. సాత్తూరుకు పోగలం, విరుదునగర్‌కు పోగలం, రెండూ నిజమే. కాబట్టి "రెండూ ఉన్నాయి" అనవచ్చా? ఎంచుకునే హక్కు ఉంది, అంతవరకే. రెండు టికెట్లూ చేతిలో ఉండాలంటే ఇరవై కావాలి. మొదటి "మరియు"లో రెండు వైపులా అదే డబ్బును చూపించవచ్చు, రెండోదానిలో డబ్బును విడగొట్టి పంచాలి. నకలూ వదలడమూ అనుమతించే తర్కంలో ఈ రెండింటికీ తేడా ఉండదు. పది రూపాయలను పదిసార్లు లెక్కపెట్టేవాడికి రెండు టికెట్లూ ఒకటే కదా.

"లేదా" కూడా అంతే. అందులో ఒకటి, ఎంపిక మనది కాక ఎదుటివాడిదైనది. బండి ఒకటో ప్లాట్‌ఫారానికి వస్తుంది లేదా రెండుకు వస్తుంది అంటే అది రైల్వే చెప్పాలి, మనం రెండింటికీ సిద్ధంగా ఉండాలి. నాలుగో జత మాట ఇంకొకటి ఉంది, దానికి మా కౌంటరులో పోలిక దొరకలేదు, వదిలేస్తాం.

"అన్నింటికీ ఒక్కసారే అంటే ఎలా? ఎక్కాల పుస్తకం ఎన్నిసార్లు వాడినా అరగదు కదా" అని అడిగినాం. పిల్ల నవ్వింది. దానికే ఒక గుర్తు: పద్దు ముందు "!". ఎన్నిసార్లైనా వాడుకో, వాడకపోయినా తప్పులేదు అని అనుమతి. "సీజన్ టికెట్టు" అన్నాం సంతోషంగా. "సీజన్‌కు గడువుంది మామా, దీనికి లేదు" అని మా ఉత్సాహం మీద నీళ్ళు పోసింది.

చూపుడు తర్కానికీ దీనికీ చుట్టరికం ఈ గుర్తులోనే ఉంది. "క ఉంటే ఖ వస్తుంది" అని చూపుడు తర్కం అన్నప్పుడు, ఆ క ను ఎన్నిసార్లు వాడినామో చెప్పదు. గిరార్ దాని అర్థాన్ని పరిశోధిస్తూ, అది ఒక అడుగు కాదు, రెండు అడుగులని చూసినాడు. ముందు "!క", అంటే క కు ఎన్నిసార్లైనా అనే అనుమతి. తరువాత, ఆ అనుమతిని ఒక్కసారి ఇచ్చి ఖ పుచ్చుకోవడం. ఇలా మార్చి రాస్తే పాత రుజువు ఒక్కటీ పోదు, పాతదానిలో రుజువు కానిది కొత్తగా చొరబడదు. అంటే చూపుడు తర్కం మొత్తం ఇందులో ఒదిగిపోతుంది, దాచిన అనుమతులు మాత్రం బయటికి వచ్చి ముఖం చూపిస్తాయి. ఇంకొకటి: "ఎంచుకునే హక్కు ఎప్పటికీ ఉంది" అన్నా, "ఇది ఎప్పటికీ ఉంది, దానితో పాటు అది కూడా ఎప్పటికీ ఉంది" అన్నా సమానమే. అందుకే తరగని వస్తువుల లోకంలో ఉన్నవాళ్ళకు రెండు "మరియు"లు కనబడవు. మహాసభలో మైకు ముందు నిలబడినప్పుడు మనమందరమూ ఆ లోకంలోనే ఉంటాం.

తరువాత పిల్ల చెప్పిన నియమం మా గుండెలో గుచ్చుకుంది. కుడివైపు పద్దుకు "!" ఎప్పుడు పెట్టవచ్చు? ఎడమవైపు వాడిన ప్రతి పద్దుకూ ముందే "!" ఉంటేనే. ఒక్కటి లేకపోయినా పెట్టకూడదు. తరగనిది ఇస్తామని మాట ఇవ్వాలంటే చేతిలో ఉన్నవన్నీ తరగనివై ఉండాలి.

మినిట్స్ పుస్తకం మళ్ళీ తెరిచినాం. ఎడమవైపు: రెండు లక్షలు, ఒక్కసారి. కుడివైపు మా చేతిరాత: ప్రతి సంవత్సరం, ప్రతి విద్యార్థికీ. రెండు "!"లు ఊరికే పెట్టినాం. పైగా పైకప్పుకూ ఫీజుకూ అదే డబ్బు చూపించి, ఎంచుకునే "మరియు"ను పంచే "మరియు"గా చదివి చప్పట్లు కొట్టించినాం. అట్ట టికెట్టు ఒకటి తగ్గితే జీతం కోయించుకున్న మనిషి, సంఘం కుర్చీలో కూర్చోగానే నంబరు చూడటం మరిచిపోయినాడు.

వచ్చే మహాసభకు కొత్త ముసాయిదా రాసినాం. ప్రతి మాటకూ ఏ డబ్బు, ఎంత, ఇంకే పద్దులో చూపించలేదు అని పక్కన రాసినాం. ప్రతి సంవత్సరం అనే మాట మండపం అద్దెలో విడిగా తీసిపెట్టే భాగానికి మించి వాడలేదు, అదీ "వచ్చినంతవరకు" అని. ఆదివారం తెలుగు అక్షరాల తరగతికి మాత్రం ధైర్యంగా "ఎవరికైనా, ఎప్పుడైనా" అని రాసినాం. పిల్ల ఫోనులో విని, "అక్షరాలకు ఆ గుర్తు పెట్టండి మామా, మీ ఆదివారాలకు పెట్టవద్దు" అంది. కొట్టేసి, "ఉదయం పది నుంచి పన్నెండు వరకు, ఇరవై మందికి" అని దిద్దినాం.

ముసాయిదాలో మొదటి అంశం ఆ బీఎస్సీ పిల్ల మిగిలిన ఒక సంవత్సరం ఫీజు. డిపాజిట్‌లో మిగిలింది, దానిమీద తక్కువ పడేది మా పింఛను నుంచి, రెండూ వేరే కవరులో. పోయిన ఆదివారం వాళ్ళింటికి పోయి చెప్పినాం. వాళ్ళమ్మ మజ్జిగ ఇచ్చింది, ఏమీ మాట్లాడలేదు. పిల్ల ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చింది. కవరు చూసింది, తీసుకోలేదు. "మళ్ళీ చేరాలా వద్దా అని ఆలోచించి చెప్తాను తాతా" అని లోపలికి పోయింది. కవరు మా బీరువాలో అలాగే ఉంది.