నైసుగా...

లాటిన్‌లో 'నెస్కియుస్' అంటే ఏమీ తెలియనివాడు. పాత ఫ్రెంచి మీదుగా వచ్చి 1300 ప్రాంతంలో ఇంగ్లీషు గడప తొక్కిన ఆ మాటే 'నైస్'. అప్పట్లో ఎవరినైనా నైస్ అంటే తెలివితక్కువ మనిషని అర్థం! తర్వాత నాజూకు, పట్టింపు, సూక్ష్మం ఇలా ఎన్నో వేషాలు కట్టింది. 'బాగుంది' అన్న అర్థం 18వ శతాబ్దంలో గానీ స్థిరపడలేదు.

1817 చివర్లో, జేన్ ఆస్టెన్ పోయాక వెలువడ్డ 'నార్తాంగర్ అబ్బే' నవలలో కథానాయిక కేథరిన్ ఒక పుస్తకాన్ని నైస్ అంటుంది. అన్నిటికీ ఇదొక్క మాటేనా అన్నట్టు కథానాయకుడు హెన్రీ టిల్నీ ఆటపట్టిస్తాడు. నా మనసు మాత్రం కేథరిన్ వైపే. నచ్చిన పుస్తకం గురించి చెప్పబోతే ముందుగా నోటికొచ్చేది అలాంటి చిన్న మాటే కదా!

మన దగ్గరికొచ్చి ఈ మాట ఇంకా చిగురించింది. బియ్యం డబ్బా చేతికిచ్చి "పిండి నైసుగా పట్టించుకురా" అంటారు ఇంట్లో. వేళ్ల మధ్య నలిపితే రవ్వ తగలకూడదు. ఇంగ్లీషులో 'నైస్ డిస్టింక్షన్' అన్నప్పుడు మిగిలిన ఆ పాత సూక్ష్మానికి మిల్లు దగ్గరి ఈ నైసు ఎంత దగ్గరి చుట్టమో! ఇక "నైస్ చేసి పని చేయించుకున్నాడు" అంటే తియ్యగా మాట్లాడి బుట్టలో వేసుకున్నాడని. "నైసుగా తప్పుకున్నాడు" అంటే, ఎవరికీ తెలియకుండా జారుకున్నాడని.