ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటారు?

హిమాలయాలలో కాలినడకన తిరిగి రావాలన్న సరదా మన పట్టణాలలో ఇప్పుడు బాగా కనిపిస్తున్నది. అందుకు నేపాల్ అనువైన చోటు. డేరాలూ, వంటసామాన్లూ మోసుకుపోనక్కరలేదు. పేరున్న దారులన్నిటా ఊరూరా టీహౌస్‌లు ఉంటాయి. పేరుకు టీ కొట్టే గాని, చెక్కగోడల గదిలో రెండు మంచాలు, భోజనాల గదిలో ఇనుప పొయ్యి, వేడి అన్నం దొరుకుతాయి.

ఇంత సదుపాయం ఉన్నది కదా అని మొదటిసారే ఎవరెస్టు బేస్ క్యాంపుకు బయలుదేరేవాళ్ళున్నారు. మీరు ముందుగా అడగవలసింది ఏ శిఖరం కనిపిస్తుందని కాదు, ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటామని.

పైకి పోయినకొద్దీ గాలి పలుచనవుతుంది. 5,500 మీటర్ల దగ్గర శ్వాసలో అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో సుమారు సగమే. శరీరం దీనికి అలవాటు పడగలదు గాని, రోజులు పడుతుంది. కండబలంతో దీనికి పని లేదు. అలిపిరి మెట్లు ఆగకుండా ఎక్కేవారికి కాళ్ళు బాగా సాగుతాయి, నిజమే. కాని తిరుమల ఎత్తు వెయ్యి మీటర్లకు లోపే! ఎత్తు జబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాకనే మొదలవుతుంది.

3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకొకసారి ఒకేచోట రెండు రాత్రులుండాలి. పగలు ఇంకా పైకి పోయి, కిందికి వచ్చి పడుకుంటే మంచిదే.

ఎవరెస్టు దారిని ఈ కొలతతో చూడండి. లుక్లాలో విమానం దిగేసరికే 2,860 మీటర్లు. నామ్చే 3,440, అక్కడ రెండు రాత్రులు. డింగ్‌బోచే 4,410, అక్కడా రెండు. ఆపైన గోరక్‌షెప్ 5,164. రానూపోనూ పన్నెండు రోజులు. మబ్బు కమ్మితే లుక్లా విమానాలు ఆగుతాయి కనుక ఇంకో రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. తక్కువ రోజులలో చూపిస్తామనేవాళ్ళు ముందుగా కోత పెట్టేది ఆ రెండో రాత్రులకే. పది రోజుల సెలవుంటే ఆ ప్రయాణం మానుకోండి.

దానికి బదులు పోఖరా వైపు గోరేపానీ వెళ్ళండి. ఉల్లేరి, గోరేపానీ, తడాపానీ, ఘాంద్రుక్ మీదుగా నాలుగైదు రోజులు. ఏ రాత్రీ 3,000 మీటర్లు దాటి పడుకోరు. తెల్లవారుజామున 3,210 మీటర్ల పూన్ హిల్ ఎక్కితే 8,167 మీటర్ల ధవళగిరి ఎదురుగా నిలబడుతుంది. అక్టోబరు, నవంబరులలో ఆకాశం తేటగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లలో వెళితే దారంతా ఎర్రని లాలీగురాన్స్ పూలు.

ఏ దారిన పోయినా ఈ సంగతి మాత్రం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. తలనొప్పితోబాటు వికారం, నీరసం ఉంటే అది ఎత్తు జబ్బేననుకోవాలి. ఆ రోజు పైకి పోకూడదు. బృందం ఆగిపోతుందన్న మొహమాటంతో తలనొప్పి దాచుకునేవారికే ఎక్కువ ప్రమాదం. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా తెల్లవారేదాకా చూడవద్దు. వెంటనే కిందికి దింపాలి, ఒంటరిగా పంపకూడదు. మత్తు పానీయాలు, నిద్రమాత్రలు ముట్టవద్దు. ఎసిటజోలమైడ్ మాత్ర కొందరికి ఉపకరిస్తుంది గాని, సల్ఫా మందులు పడనివారు ముందే డాక్టరుకు చెప్పాలి. గుండెజబ్బు, మధుమేహం, రక్తపుపోటు ఉన్నవారూ, గర్భిణులూ వైద్యుని అడగకుండా టిక్కెట్టు కొనవద్దు. హెలికాప్టరు ఖర్చు కూడా భరించే బీమా తీసుకోండి.

రెండు నెలల ముందునుంచి, వీపున సంచి వేసుకుని మెట్లు ఎక్కడమేగాక దిగడం కూడా అలవాటు చేసుకోండి. మోకాళ్ళు మొరాయించేది దిగేటప్పుడే. బూట్లు ఇక్కడే తొడిగి అరగదీయండి.

ఇక తిండి. పై ఊళ్ళకు మాంసం మోతల మీద, రోజుల తరబడి వస్తుంది, వద్దనండి. పప్పు, అన్నం, కూరతో దాల్‌భాత్ ఉండనే ఉన్నది, మారు కూడా వడ్డిస్తారు. ఆవకాయ మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో మీరే తీసుకుపోవాలి.