మూడు సెకన్ల జవాబును నమ్మకండి



మా ఊరి పెద్దమ్మ పాడిన కోయ పాటల రికార్డింగులను హాస్టల్లో రాస్‌బెర్రీ పై బోర్డు మెమరీ కార్డులో దాస్తున్నం. పెద్దమ్మ ఇప్పుడు లేదు. ఆమె గొంతు మిగిలింది ఈ ఫైళ్లలోనే.

పెన్‌డ్రైవ్ నుంచి 300 ఎంబీ ఫైలు కాపీ చేసి, రెండూ ఒకటేనా అని సీఎంపీ కమాండ్‌తో పోల్చినం. 3 సెకన్లలో అయిపోయింది, తేడా ఏమీ చూపలే. ఇక పెన్‌డ్రైవ్ ఖాళీ చేద్దామనుకున్నం. ఎందుకో ఆగినం. తెల్లారి బోర్డు ఆన్ చేసి మళ్లీ పోలిస్తే, అర నిమిషం నడిచి తేడా ఉందని చూపింది!

తర్వాత తెలుసుకున్నం. కాపీ చేసిన వెంటనే ఆ ఫైలు ఇంకా ర్యామ్‌లోనే ఉంటది. లినక్స్ దాన్నే చదివి పోలుస్తది, కార్డును ముట్టదు. అందుకే అంత స్పీడు. కార్డులో సరిగా పడిందా లేదా అన్నది అప్పుడు తేలదు.

కాబట్టి కాపీ అయ్యాక సింక్ కమాండ్ ఇచ్చి, బోర్డు షట్‌డౌన్ చేసి, మళ్లీ ఆన్ చేశాకే పోల్చండి. ఆలస్యమైనా నమ్మాల్సింది ఆ జవాబునే.

మేం కార్డు మార్చినం. పెన్‌డ్రైవ్ మాత్రం ఇంకా ఖాళీ చేయలే. మీ ఊళ్ల పాటలు దాచేటోళ్లు కూడా పాతది చెరిపే ముందు ఒక్క రాత్రి ఆగండి.